బుధవారం పన్నెండూ నలభై

కెంపయ్య సోమవారం ఉదయం వచ్చాడు. మా కంప్యూటర్ల గది ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే చోటుకు ఆనుకుని ఉంటుంది. రోగుల తాలూకు మనుషులెవరూ అంత లోపలికి రారు. ఆయన మాత్రం కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ, ఒకరు ఇటు పొమ్మంటే ఇటూ ఇంకొకరు అటు పొమ్మంటే అటూ తిరిగి, చివరకు మా తలుపు దగ్గర తేలాడు. చొక్కా జేబులోంచి చిన్న ఫోను తీసి నా బల్ల మీద పెట్టాడు.

"స్వామీ, ఇది బుధవారం వచ్చిందా, శనివారం వచ్చిందా? అదొక్కటి చెప్పండి, పోతాను."

తెర మీద మా ఆసుపత్రి పేరు, దాని కింద నాలుగు ముక్కలు. పుట్టతాయమ్మ గారిని ఈ రోజు ఇంటికి తీసుకువెళ్ళవచ్చు, సాయంత్రం ఆరు లోపల రండి, పాత కాగితాలు తెచ్చుకోండి. చివర్లో తేదీ, బుధవారం పన్నెండూ నలభై.

పుట్టతాయమ్మ ఆయన భార్య. గురువారం తెల్లవారుజామున మా మూడో అంతస్తులోనే చనిపోయింది.

ఆయన అడిగినదానికి జవాబు ఖచ్చితంగా తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. అయినా "కూర్చోండి" అన్నాను. పైకి అది మర్యాదలా వినిపించి ఉంటుంది. నిజానికి నాకు కాస్త వ్యవధి కావలసి వచ్చింది.

మా ఆసుపత్రిలో రెండు పెద్ద సాఫ్ట్‌వేర్లు పని చేస్తాయి. వార్డుల్లో నర్సులు మందులూ, డాక్టరు మాటలూ ఎక్కించేది పాతది, పదమూడేళ్ళ కిందటిది. ఇంటివాళ్ళ ఫోన్ నంబర్లు దాచుకుని వాళ్ళకు సందేశాలు పంపేది కొత్తది, నిరుడు కొన్నది. ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. అందుకని మధ్యలో ఒక చిన్న కంప్యూటరును కూర్చోబెట్టి, అటు మాట ఇటు చేరవేసే పని దానికి అప్పగించాం. దాన్ని చూసుకోవడం నా ఉద్యోగం. కొత్త యంత్రం అడగడానికి మొహమాటపడి, మూలన పడేసిన తొమ్మిదేళ్ళ నాటి దాన్నే దుమ్ము దులిపి పెట్టాను. నేను అడగలేనివాణ్ణి. ఆ గుణాన్ని చాలా కాలం పొదుపు అని పిలుచుకున్నాను.

కొత్తది రాకముందు, ఇంటికి పంపవచ్చని డాక్టరు చెప్పగానే వార్డు పెద్ద నర్సు స్వయంగా ఫోన్ చేసేది. ఇప్పుడు చేయరు. ఒక మీట నొక్కితే సందేశం అదే పోతుంది. చావు కబురు ఒక్కటి మాత్రం మనిషే చెప్పాలని నియమం ఉంచారు.

బుధవారం ఆయుధపూజ. మైసూరులో ఆ రోజు కొడవలి నుంచి కారు దాకా ప్రతిదానికీ బొట్టు పడుతుంది. మా యంత్రాల గదిలో పూజ రాచప్పది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిని తుడిచి, చల్లగా ఉంచి, తాళం వేసే మనిషి. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి యంత్రాలన్నిటికీ విభూతి పట్టెలు తీర్చి, చేమంతి దండలు వేసి, బూడిద గుమ్మడికాయ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పూజ వేళ ఆయుధం పని చేయకూడదన్నది ఆయన పట్టుదల.

"పెద్దవాటిని ఆపొద్దంటారు, సరే. ఈ చిన్నదాన్నైనా అరగంట పడుకోనివ్వండి సార్. ఏడాది పొడుగునా అటోళ్ళ మాటలు ఇటోళ్ళకీ, ఇటోళ్ళవి అటోళ్ళకీ మోస్తానే ఉంది. మా మేనత్త కూడా ఇన్ని మోయలేదు" అన్నాడు.

నవ్వొచ్చింది. "అరగంటే రాచప్పా. హారతి కాగానే లేపేయండి."

"లేపుతాను. మా కొడుకైతే తన్నినా లేవడు గానీ, ఇది మంచిది."

హారతి అయ్యింది. గుమ్మడికాయ పగిలింది. ఆయన యంత్రాన్ని లేపాడు, ఆకుపచ్చ దీపం వెలిగింది. దోసిట్లో పోసిన మరమరాలూ కొబ్బరిముక్కా తింటూ నేను ఆ దీపాన్ని చూశాను. దీపం వెలగడం, పని జరగడం ఒకటి కాదని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. కానీ దసరా జనంతో రోడ్లు మూసేస్తారన్న తొందరలో పదకొండున్నరకే ఇంటికి వెళ్ళిపోయాను. ఇంట్లో నాకోసం ఎదురుచూసేవారెవరూ లేరు. తొందర దేనికో ఇప్పటికీ చెప్పలేను.

గురువారం సెలవు. శుక్రవారం వచ్చేసరికి తెర నిండా ఎర్ర గీతలు. సంబంధం కుదరలేదు, సంబంధం కుదరలేదు అని ఒకే మాట వందలసార్లు. పాత సాఫ్ట్‌వేరు కంపెనీ నుంచి పుణెలో హేరంబ్‌నూ, కొత్తదాని తరఫున మంగళూరులో ప్రిసిల్లానూ ఫోన్లో కలిపాను.

"మా వైపు అంతా పచ్చగా ఉంది సార్" అంది ప్రిసిల్లా.

"మాదీ పచ్చగానే ఉంది" అన్నాడు హేరంబ్.

"మీదెప్పుడు పచ్చగా లేదు చెప్పండి? పోయిన నెల మూడు రోజులు పచ్చగా ఉంటూనే చచ్చిపోయింది."

"అమ్మా తల్లీ, మావాడు గంట నుంచి మీ గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నాడు. మీరు తీయట్లేదు."

"పేరడిగితే చెప్పనివాడికి తలుపు తీస్తామా? మా ఇంట్లో ఆడపిల్లలున్నారండీ."

ఆ గొడవ వింటుంటే నాకు హాయిగా ఉంది, దాచుకోను. ఎక్కడో ఒక తప్పు ఉంది, దానికి ఒక కారణం ఉంది, వెతికితే దొరుకుతుంది. మనుషులతో నాకు ఈ ధైర్యం ఎప్పుడూ కలగలేదు. మా చెల్లెలు హాసనలో ఉంటుంది. నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. ఏ రోజు, ఏ మాట దగ్గర అది మొదలైందో నాకు తెలియదు. అడగలేదు.

శుక్రవారమంతా పాస్‌వర్డులు మార్చాం. తీగలు మార్చాం. సాయంత్రానికి హేరంబ్, ప్రిసిల్లా ఒకరినొకరు పేరు పెట్టి పిలవడం మానేసి "ఆ వైపువాళ్ళు" అనడం మొదలుపెట్టారు.

శనివారం ఉదయం పది దాటాక నాకు దొరికింది. అప్పటిదాకా తప్పు ఏమిటని రాసిందో చదువుతూ వచ్చాను గానీ, దాని పక్కన ఆ యంత్రం వేసుకున్న తేదీని చూడలేదు. అది జనవరి ఒకటి, తొమ్మిదేళ్ళ కిందటిది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ళంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నంతసేపూ ఎవరికీ తెలియలేదు. పూజకని ఆపి లేపగానే అది తను పుట్టిననాటికి వెళ్ళిపోయింది. మాట కలిపే ముందు అవతలివాళ్ళు ఒక గుర్తింపు పత్రం చూపిస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని దాని మీద ఉంటుంది. మా యంత్రం దాన్ని చూసి, ఆ తేదీ ఇంకా రాలేదు గనక ఈ పత్రం దొంగదని అనుకుంది. ఉన్న బుద్ధిలో అది సరిగ్గానే ఆలోచించింది.

తేదీ సరిచేశాను. ఎర్ర గీతలు ఆగిపోయాయి. మూడు రోజులుగా చేరక నిలిచిపోయిన సందేశాలు ఆరువందల పదకొండు. అన్నీ పంపాలా, తీసేయాలా, ఒక్కొక్కటీ చూడాలా అని తెర అడిగింది. ఒక్క సందేశాన్నీ పోగొట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి నీతి. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా పోగొట్టలేదని నాకు గర్వం. కొన్ని చద్దివై ఉంటాయన్న ఊహ రాకపోలేదు. తేదీ వేసి ఉంటుంది కదా, చూసుకుంటారులే అనుకున్నాను. అన్నీ పంపమన్నాను. నాలుగు నిమిషాల్లో అంకె సున్నాకు దిగింది. లేచి ఒళ్ళు విరుచుకుని, "రాచప్పా, మీ బిడ్డ ఇప్పుడు నిజంగా లేచింది" అని కేకేశాను. బ్యాటరీ సంగతి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడు సమయం పదీ నలభై. సరిగ్గా ఆ నిమిషంలో కెంపయ్య ఇంటి దగ్గర ఏం జరిగిందో సోమవారం ఆయనే చెప్పాడు.

"మూడో రోజు స్వామీ. పాలూ నెయ్యీ పోయడానికి దాన్ని పూడ్చిన గుంత కాడికి బయల్దేరుతున్నాం. వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. ఇది కుయ్యిమంది. నాకు చదువు రాదు. మా బామ్మర్ది కూతురు కాలేజీ పిల్ల, తీసుకుని గట్టిగా చదివేసింది. ఆ పిల్ల తప్పు కాదు, చదవమని ఇచ్చింది నేనే."

నరసీపుర దగ్గర ఆయన ఊరు. రెండెకరాల మల్బరీ, పట్టుపురుగుల మేపు. పుట్టతాయమ్మ ఊపిరితిత్తుల్లో నిమ్ముతో తొమ్మిది రోజులు మా దగ్గర ఉంది. తగ్గింది. బుధవారం మధ్యాహ్నం ఇంటికి పంపొచ్చని డాక్టరు రాశాడు. మర్నాడు తెల్లవారకముందే నిద్రలో గుండె ఆగింది. ఇంట్లో ఉన్నా ఆగి ఉండేదేనని తరువాత డాక్టర్లు అన్నారు.

"మా బామ్మర్ది జవరయ్య చేతిలో పాలచెంబు అట్టాగే ఉండిపోయింది" అన్నాడు కెంపయ్య. "'బుధవారం నాడే పిలిచారంట కదా బావా. మా అక్క కంటే పురుగులు ఎక్కువైపోయినాయా నీకు?' అన్నాడు. నలుగుర్లో. ఏమంటాను? నాలుగో జ్వరం లేచిన పురుగులు స్వామీ, ఆఖరి కుబుసం విడిచినాక వాన కురిసినట్టు తింటాయి, గంట ఆగవు. ఆసుపత్రిలో దగ్గరుంటానంటే మా ఇంటిదే తోలేసింది. 'నా మొహం చూస్తా కూచుంటే నిమ్ము దిగుద్దా? పోయి ఆకెయ్యి. వీళ్ళు పిలుస్తారులే' అంది."

రాచప్ప స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

"ఫోను జేబులోనే ఉంది. ఆకు కోసేటప్పుడూ జేబులోనే. మోగలేదు. మోగలేదనే చెప్పాను అందరికీ. ఎవరూ నమ్మలా, బుధవారం కూడా ఓసారి వచ్చే ఉంటదన్నారు. కానీ స్వామీ, నిన్నటి నించీ నాకే..." ఆగాడు. "మోగినట్టు గుర్తొస్తంది. తోటలో, ఎండలో, చెయ్యి ఖాళీ లేక తర్వాత చూద్దాంలే అనుకున్నట్టు. నిజంగా అనుకున్నానా, వాళ్ళు అన్నందుకు అనిపిస్తందా తెలవట్లేదు."

నేను ఆయన మొహం చూడలేక ఫోను వైపు చూశాను. నా కళ్ళ ముందు ఒక మనిషి జరగనిదానికి జ్ఞాపకం కట్టుకుంటున్నాడు. దానికి అప్పుడే ఎండ వచ్చింది, చెయ్యి ఖాళీ లేకపోవడం వచ్చింది. ఇంకో వారం పోతే ఆ మోతకు ఒక చెట్టూ, ఒక గట్టూ కూడా వస్తాయి. ఆ తరువాత నిజం చెప్పినా ఆయన నమ్మడు.

"సంచి మీరే ఇచ్చారు, శవంతో పాటు" అన్నాడు. "అన్నీ సర్దిపెట్టుంది. దువ్వెన, చీర, చెప్పులు కాయితంలో చుట్టి. పొమ్మంటేనే కదా సర్దుకునేది? అంటే దానికి తెలుసు. నాకు కబురంపారని కూడా తెలిసే ఉంటది."

తెలుసు. ఆమెకు అలాగే చెప్పారు. ఆ ఉదయం ఆయన నోట పుట్టతాయమ్మ పేరు వినగానే నేను మూడో అంతస్తుకు ఫోన్ చేశాను. ఆ పూట నర్సు ఆమెతో, "మీ ఆయనకు మెసేజ్ పోయిందమ్మా, వస్తారు" అని చెప్పిందట. ఆరు దాటాక డ్యూటీ మారింది. రాత్రి నర్సు, "పండగ కదా, రేపొస్తారులే" అని ఆమెను పడుకోబెట్టిందట.

అప్పుడే నా ఫోన్ మోగింది. మా మేనేజరు ఉదయశంకర్. కెంపయ్య వచ్చిన సంగతి రిసెప్షన్ వాళ్ళు ఆయనకు చెప్పేశారు. నేను బయట వసారాలోకి వెళ్ళాను.

"ఆ మెసేజ్ మీద బుధవారం అని ఉందా లేదా?"

"ఉంది సార్. కానీ మనం పంపింది..."

"ఉంది కదా. మన రికార్డు అది. మనం బుధవారం ఇచ్చాం, ఫోను కంపెనీ వాళ్ళ దగ్గర ఆలస్యమైందేమో, పల్లెటూళ్ళలో సిగ్నలుండదు అని చెప్పి పంపించండి. మర్యాదగా చెప్పండి. శ్రీకంఠా, మీరు ఎక్కువ మాట్లాడకండి. మెషీన్లతో ఉన్నట్టు మనుషులతో కాదు."

ఆయన మాటకు నాకు కోపం రాలేదు. నన్ను భయపెట్టింది వేరే. ఆ వాక్యం ఆయన చెప్పకముందే నాలో తయారుగా ఉంది. కెంపయ్య ఫోను బల్ల మీద పెట్టిన క్షణంలోనే నా మనసు దాన్ని రాసిపెట్టుకుంది. దాని పక్కనే ఒక మంచి కారణాన్ని కూడా నిలబెట్టింది: నిజం చెబితే రాచప్ప ఉద్యోగం పోతుంది, ఏడు నెలలు, పాపం. వసారాలో నిలబడి ఆ కారణాన్ని కాసేపు పరీక్షగా చూశాను. అందులో రాచప్ప ఎంత, నేనెంత? ఆపుతానని ఆయన అడిగాడు. ఆపమన్నది నేను. చూడకుండా వెళ్ళింది నేను. అన్నీ పంపమన్నది నేను. రాచప్పను నా ముందు నిలబెట్టుకుని వెనక దాక్కుంటున్నాను, అంతే.

లోపలికి వచ్చాను. కెంపయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. తాగలేదు. రాచప్ప నా వైపు చూసి నెమ్మదిగా, "సార్... బుధవారం అంటే మన..." అన్నాడు. మిగతాది మింగేశాడు.

"కెంపయ్యగారూ" అన్నాను. "ఫోను మోగలేదు. మోగే వీలే లేదు. బుధవారం పన్నెండూ నలభైకి పైన నర్సు రాసింది. ఆ మాట ఈ గదిలో, అదిగో ఆ చిన్నదాంట్లో ఆగిపోయింది. శనివారం పదీ నలభైకి నేను పంపాను. ఆగడానికి కారణం నేను. ఆయుధపూజకని దాన్ని ఆపనిచ్చాను. లేచాక సరిగ్గా ఉందో లేదో చూడకుండా ఇంటికెళ్ళాను."

"మోగలేదు" అన్నాడు.

"మోగలేదు."

"తోటలో?"

"ఎక్కడా మోగలేదు."

గ్లాసు కింద పెట్టాడు. ఒక చెయ్యి జేబు మీద వేసుకున్నాడు. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కావాలనుకున్నాను. తిడితే నా భారం తగ్గుతుందని. ఆయన తిట్టలేదు.

"పూజ నేనూ చేశాను ఆ పొద్దు" అన్నాడు. "కొడవలికీ, తట్టలకీ. దాని చేతి కత్తికి కూడా బొట్టు పెట్టాను, వచ్చాక చూసుకుంటదని." తరువాత, "ఇదంతా రాసివ్వండి స్వామీ. జవరయ్యకి చూపించాలి. నోటిమాట నమ్మడు వాడు."

ఆసుపత్రి కాగితం మీద రాశాను. సందేశం బుధవారం వెళ్ళలేదు, శనివారం వెళ్ళింది, యంత్రాన్ని ఆపడానికి అనుమతించిందీ తరువాత చూడనిదీ నేను. రాచప్ప పేరు రాయలేదు. "నాది కూడా వెయ్యండి సార్" అన్నాడు ఆయన వెనక నుంచి. వెయ్యలేదు. చదివి వినిపించాను. కెంపయ్య తల వంచుకుని విన్నాడు.

"ఇంకొక్క ముక్క రాయండి. మోగుంటే వచ్చేవాడని."

ఇరవై రెండేళ్ళలో యంత్రం చిట్టాలో లేని మాటను నేను ఏ నివేదికలోనూ రాయలేదు. దీనికి ఏ చిట్టా లేదు. రాశాను. సందేశం అంది ఉంటే ఈయన ఆ సాయంత్రమే వచ్చి ఉండేవారు. కింద సంతకం పెట్టి, నా పేరు విడిగా తెలిసేలా రాశాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేస్తాడనుకున్నాను. లేవలేదు.

"ఇది జవరయ్యకి. ఊరికి. బాగుంది" అన్నాడు. "ఆరు దాటినాక అదేమనుకుందో?"

రాచప్ప ముందుకొచ్చాడు. "పండగ అన్నా. బస్సులు దొరకలేదేమో, పొద్దున్నే వస్తాడు అనుకుని హాయిగా పడుకుని ఉంటది. ఇంకేమనుకుంటది?"

"నీకు దాని సంగతి తెలవదన్నా. కోపమొస్తే అరవదు అది. మాట మానేస్తది, గోడ వైపు తిరిగి పడుకుంటది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "పక్కకి తిరిగి పడుకునే పోయింది స్వామీ. నేను వచ్చేసరికి గోడ వైపు లేదు, కిటికీ వైపుంది. అదే నాకు అర్థం కాలా."

మంచం చూపించమన్నాడు. నేను తీసుకువెళ్ళాను. రాచప్ప రాలేదు, యంత్రాల గది గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

మూడో అంతస్తులో ఆ మంచం మీద ఇప్పుడు ఇంకొకామె నిద్రపోతోంది. కాలికి కట్టు ఉంది. తోడున్న పిల్ల మమ్మల్ని చూసి ఏమిటన్నట్టు లేచింది. కెంపయ్య ఆమెను చూడలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దిండు మీద తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు తన తల తెచ్చి కిటికీలోంచి చూశాడు. నిద్రపోతున్నామె మొహానికి ఆయన మొహం జానెడు దూరంలో ఉంది. 

"గేటు కనబడతంది" అన్నాడు.

నేనూ వంగి చూశాను.

"బస్సు ఆగే చోటు కూడా. దిగినోళ్ళు ఒక్కొక్కరే కనబడతారు."

అప్పుడే నరసీపుర బస్సు వచ్చి ఆగింది. పదకొండు మంది దిగారు. ఆయన చివరి మనిషి దిగేదాకా చూశాడు.